రాజమహేంద్రవరము చెంత స్వగృహము



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పూర్వులు సామెత చెప్పిరి. అయితే ఆ సామెత పుట్టిన దినములలో ఇల్లు ఏ యూరిలో కట్టవలెనను ప్రశ్న లేదు. తాత కట్టిన యింటి ప్రక్కను తండ్రియు, తండ్రి పెరటిలో కుమారుడును కట్టుకొనుచుండిరి. నేడు ఆ ప్రశ్నయే అన్నిటికంటె ముందు వచ్చుచున్నది. కుమారునకు రాజమహేంద్రవరమున ఉద్యోగము. కోడలు అచ్చటనే ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని. మనుమలకు చదువులు. అద్దె యింట ఏడెనిమిది సంవత్సరములు గడచినవి. నగరము నడిబొడ్డున స్థలము కొనుటకు శక్తి చాలదు. “నాన్నగారూ, ఊరిలోని రెండెకరములు అమ్మి, నగరమునకు దగ్గఱగా ఏదో ఒక చిన్న యూరిలో ఇల్లు కొందము” అని కుమారుడు పండుగకు వచ్చినపుడు మెల్లగా కదపును. తండ్రి విననట్లు నటించును. తల్లి ఇద్దఱి ముఖములను చూచును.

గోదావరి సీమలో ఈ మాట చెవిని బడని పెద్దలు తక్కువ. కావున నేడు నేను గృహ నిర్మాణమును గూర్చి గాని, ధరలను గూర్చి గాని చెప్పబోను. ధర నేడు చెప్పినది రేపు నిలువదు. ఏ యూరు, ఆ యూరిలో ఏ స్థలము, సొమ్మిచ్చు పెద్దల గతి యేమి అను మూడు సంగతులే నాకు ముఖ్యములుగా తోచుచున్నవి. అందు కడపటిది అందఱును మఱచునది.

రాజమహేంద్రవరము నదికి తూర్పు గట్టున ఉన్నది. పడమట గోదావరి, అటు పెరుగుటకు చోటు లేదు. అందుచే నగరము తక్కిన మూడు దిక్కులకు వ్యాపించినది. 1994లో అది నగరపాలక సంస్థ యయ్యెను. 2011 జనాభా లెక్కలలో నగరపు హద్దుల లోపల 3 లక్షల 41 వేల జనము ఉండిరి. కాతేరు, కొంతమూరు, బొమ్మూరు, హుకుంపేట, పిడింగొయ్యి మొదలగు గ్రామములు నగరముతో ఒరసికొనుచు పెరిగినవి. క్రొత్తవానికి ఊరెక్కడ ముగిసెనో పల్లె యెక్కడ మొదలయ్యెనో తెలియదు. నదికి ఆవలి గట్టున కొవ్వూరు ఉన్నది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినది మొదలు 2022 వఱకు అది వేఱు జిల్లా. కన్నుల యెదుట రాజమహేంద్రవరము కనబడుచున్నను కలెక్టరు కచేరీకి కొవ్వూరువారు ఏలూరు పోవలసి వచ్చెడిది. 2022 ఏప్రిలు 4న జిల్లాలను మరల విభజించినపుడు రాజమహేంద్రవరము తూర్పు గోదావరికి ముఖ్యపట్టణమయ్యెను. కొవ్వూరును నిడదవోలును అందు చేరెను. ఇది కాగితపు మార్పు వలె కనబడును గాని ఇల్లు కొనువానికి చిన్న మార్పు కాదు. ఆవలి గట్టున స్థలము కొన్నవాని పెద్ద కచేరీ పనులన్నియు ఇప్పుడు వంతెనకు ఈవలనే తీఱును.

దూరమును మన పెద్దలు కోసులలో కొలిచిరి. నేటి ప్రకటనలవారు నిమిషములలో కొలుచుచున్నారు. “నగరమునకు 10 నిమిషములు” అని రంగుల కాగితముపై అచ్చు వేసిన స్థలము ఎన్ని నిమిషములో తెలియవలెనన్న ఉదయము 9 గంటల వేళ బయలుదేరి చూడవలెను. ఆదివారము మధ్యాహ్నము కారులో ఎక్కించుకొని పోయి చూపిన దళారి యాత్ర లెక్కకు రాదు. నా సలహా యేమనగా, ప్రతిదినము పనికి పోవలసినవాడు ఆరు దినములు ఆ దారిని తన వేళకు పోయి, తన వేళకు తిరిగి రావలెను. రెండు దినములు బస్సులో, రెండు దినములు తన బండి మీద, రైలు ఉన్నచో రెండు దినములు రైలులో. రాత్రి 8 గంటలకు తిరుగు బస్సు ఉన్నదా లేదా యను సంగతి, కళాశాలకు పోవు ఆడపిల్ల గల యింటికి, గుమ్మము తూర్పున ఉన్నదా ఉత్తరమున ఉన్నదా యను సంగతికంటె పెద్దది. వాస్తు చూడవద్దని నేననుట లేదు. వాస్తు చూచు శ్రద్ధలో సగము బస్సు వేళలపై ఉంచుడని మాత్రము అనుచున్నాను.

కొవ్వూరును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. నదిపై మొదటి రైలు వంతెన 1900లో వచ్చెను. హేవ్లాకు వంతెన యని పేరుగాంచిన ఆ వంతెనపై 1997లో రైళ్లు నిలిపిరి. 1974లో పైన రోడ్డు, క్రింద రైలు గల వంతెన వచ్చెను. విల్లువలె వంగిన కమానుల రైలు వంతెన 1997 నాటిది. నగరమునకు ఉత్తరముగా, కొవ్వూరు నుండి దివాన్‌చెఱువు వైపునకు పోవు నాల్గవ వంతెన 2015లో వచ్చెను. ఇన్ని వంతెనలు ఉన్నవి గదా యని ధైర్యము కలుగును. కాని 1974 నాటి వంతెనను మరమ్మతుల నిమిత్తము పలుమాఱులు మూసిరి. 2023లోను కొన్ని వారములు మూసియుంచిరి. అట్టి దినములలో రోడ్డు మీద పోవువారు నాల్గవ వంతెన మీదుగా గాని, ధవళేశ్వరము ఆనకట్ట మీదుగా గాని చుట్టు తిరిగి రావలసినవారే. ఉద్యోగస్థునకు ఆ చుట్టు ప్రతిదినమును శిక్షయే. కొవ్వూరులో కొనువాడు, వంతెన మూసిన దినమున నేనెట్లు పోవుదును అను ప్రశ్నకు జవాబు సిద్ధము చేసికొని కొనవలెను. రైలు అతనికి ప్రాణము. నగరము దరిని గోదావరి స్టేషను ఉన్నది. అచ్చట ఆగు బండ్ల వేళలు తన పనికి సరిపడినచో వంతెన మీది రోడ్డుతో పనియే లేదు.

కొవ్వూరునకు ఉన్న సుగుణము మఱి యొకటి. అది నగరపు నీడలో నిన్న మొన్న మొలచిన పేట కాదు. తనంత తాను పట్టణము. గోష్పాద క్షేత్రము, స్నాన ఘట్టములు, సంస్కృత విద్యకు పేరొందిన ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠము, పురపాలక సంఘము, బజారు, చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చిపోవు జనము అందు కలవు. పల్లెనుండి వచ్చిన ముసలివారికి అచ్చట సాయంకాలము గడచును. ప్రొద్దున నదికి పోవుదురు. మధ్యాహ్నము వీథి అరుగుపై ఎవరో ఒకరు కూర్చుందురు. పొలములు కొవ్వూరు, తాళ్లపూడి, చాగల్లు ప్రాంతములలో ఉన్నవారు నదిని దాటి యిల్లు కొనుట నాకు అర్థము కాదు. పొలము చూచుకొనవచ్చును, నగరమునకు పోవచ్చును; రెండింటికిని నడుమ కొవ్వూరు ఉన్నది.

నిడదవోలు ఇంకను దూరము, రైలు త్రోవను ఇరువది కిలోమీటర్లకు పైమాట. ఐనను అది జంక్షను. భీమవరము, నరసాపురముల వైపునకు పోవు శాఖ అచ్చటనే చీలును. భార్యాభర్తలలో ఒకరికి రాజమహేంద్రవరమున, ఒకరికి తాడేపల్లిగూడెము గాని భీమవరము గాని వైపున ఉద్యోగమైనచో అటువంటి ఊరు మఱి యొకటి దొరకదు. అయితే ఎఱ్ఱకాలువ సంగతి ఆ ప్రాంతపు రైతులకు నేను చెప్పనక్కఱలేదు. మెట్టలో పడిన వాన ఆ కాలువను పొంగించి పొలములను ముంచుచుండును. వరిచేను మునిగినచో ఒక పంట పోవును. ఇల్లు మునిగినచో పోవునది పంట కాదు.

ఇక నదికి తూర్పు వైపు.

దక్షిణముగా ధవళేశ్వరము. ఆర్థరు కాటను దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన చోటు. ఆ ఆనకట్టకు బదులుగా కట్టిన క్రొత్త బ్యారేజి 1982లో పూర్తి యయ్యెను. డెల్టా అంతయు త్రాగు నీరు అచ్చటనుండి కదలి వచ్చును. ఊరు పాతది, కొండపై జనార్దనస్వామి, క్రింద లాకులు, కాలువ గట్లు, పాత వర్కుషాపులు ఉన్నవి. నగరము అక్కడికి ప్రాకి వచ్చి కలిసిపోయినది. నగరమునకు ఇంత దగ్గఱగా ఇంత నెమ్మది గల ఊరు మఱొకటి లేదని నా అభిప్రాయము. అయితే అది నది మెడకు ఆనుకొని యున్నది. దానిని గూర్చి ముందు చెప్పెదను.

తూర్పుగా కడియము, వేమగిరి, కడియపులంక. ఇది పూల తోటల సీమ. రాష్ట్రమంతట పెరటి మొక్కలు, దేశాంతరములకు పోవు నీడ చెట్లు ఇచ్చటి నర్సరీలలో పెరుగుచున్నవి. జాతీయ రహదారియు రైలు స్టేషనును ఉన్నవి. చల్లని గాలి వీచును. అయితే మొక్కకు ఏది హితమో అది గోడకు హితము కాదు. కాలువ నీరు, మెత్తని నేల, ఎప్పుడును ఆరని తేమ చూచి నర్సరీవాడు సంతోషించును. ఇల్లు కట్టినవాడు ఐదేండ్లకు గోడల అడుగున చెమ్మ ఎక్కి సున్నము రాలుట చూచును. నల్లని బంకమన్ను వేసవిలో బీటలువాఱి, వానకు ఉబ్బును. దానితోపాటు పునాదియు కదలును. అట్టి నేలపై పునాదికి పెట్టు ఖర్చును స్థలము వెలతో కలిపి చూడవలెను. చౌకగా వచ్చినదన్న స్థలము అప్పుడు చౌక కాకపోవచ్చును. పాత యిండ్ల అరుగులు ఎంత ఎత్తున కట్టిరో చూడుడు. ఆ ఎత్తు ఊరక కట్టినది కాదు. పోయిన తరమువారు నీటిని చూచి కట్టిరి.

ఉత్తరముగా, ఈశాన్యముగా దివాన్‌చెఱువు, రాజానగరము. ఇది మెట్ట, ఎఱ్ఱ నేల, కంకర. పునాదికి మంచిది, వరద భయము లేదు. 2006లో స్థాపించిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము, వైద్య కళాశాల, ఇంజనీరింగు కళాశాలలు ఆ రహదారి వెంబడినే ఉన్నవి. కావున చదువుకొను పిల్లలు గలవారికిని, ఆ కళాశాలలలో కొలువు గలవారికిని అది సహజమైన తావు. కొన్న యిల్లు ఎప్పుడైన అద్దెకు ఇయ్యదలచినను అచ్చట అద్దెకు వచ్చువారు దొరకుదురు. కొఱత నీరు. డెల్టాలో పుట్టి పెరిగినవానికి నీరు కొనుట యనగా ఏమో తెలియదు. మెట్టలో బోరు ఎన్ని అడుగులు పోయినది, వైశాఖ మాసమున ఎన్ని గంటలు నీరు వచ్చుచున్నది అను ప్రశ్నలు ప్రక్క యింటివానిని అడుగవలెను, అమ్మువానిని కాదు. మఱియు జాతీయ రహదారి దాటుట ముసలివారికిని పిల్లలకును ప్రాణగండము. స్థలము రహదారికి ఏ ప్రక్కను ఉన్నది, బడి ఏ ప్రక్కను ఉన్నది, దాటుటకు క్రింద దారి యున్నదా అని చూచుకొనక కొన్నవారు తరువాత విచారించుదురు.

మధురపూడి విమానాశ్రయము, కోరుకొండ దారిని గూర్చి ఒక్క మాట. “విమానాశ్రయము ప్రక్కన” అని ఆ దారిని స్థలములు అమ్ముచుందురు. మన కుటుంబములలో ఎంతమంది ఎన్నిమాఱులు విమానమెక్కుదురో ఎవరికి వారు లెక్క చూచుకొనవచ్చును.

ఇప్పుడు నది మాట.

1986 ఆగస్టులో వచ్చిన వరదను చూచినవారు ఈ ప్రసంగము వినువారిలో చాలమంది ఉందురు. ధవళేశ్వరము వద్ద సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు పోయెను. డెల్టాలో గట్లు తెగెను. 2022 జూలైలో మరల 25 లక్షలు దాటెను. శ్రావణ భాద్రపదములలో వరద రావలసియుండగా, ఆ యేట ఆషాఢములోనే వచ్చిన వఱద అది. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులైనపుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులైనపుడు రెండవది, 17.75 అడుగులైనపుడు మూడవది యిత్తురు. ప్రవాహములో అవి సుమారు 10, 13, 17 లక్షల ఘనపుటడుగులు. ఈ అంకెలు రేడియోలో వినుట మన కలవాటే. ఇల్లు కొనునపుడు ఈ అంకెలనే ప్రశ్నలుగా మార్చవలెను. రెండవ హెచ్చరిక నాడు ఈ వీథిలో నీరు ఎందాక వచ్చును? మూడవ హెచ్చరిక నాడు మురుగు కాలువ నీరు నదిలోనికి పోవునా, లేక వెనుకకు తన్నునా? నది గట్టు దాటకపోయినను, ఊరి నీరు బయటికి పోలేక నిలిచి యిండ్లలోనికి వచ్చుట మనము ఎఱిగినదే. గట్టు మంచిదని నిశ్చింతగా ఉన్న ఊళ్లలో ఈ వెనుక తన్ను నీరే అపకారము చేయును.

రాజమహేంద్రవరము చుట్టుప్రక్కల “ఆవ” యను మాట వినబడును. ఆవ యనగా లోతట్టు నేల. చుట్టుప్రక్కల నీరు వచ్చి నిలుచు చోటు. కోరుకొండ మండలపు బూరుగుపూడి ఆవ భూములను 2020లో పేదల ఇండ్ల స్థలములకు తీసికొన్నపుడు, ముంపు నేలలో ఇండ్లేమిటని వివాదము లేచి హైకోర్టు దాక పోయెను. ప్రభుత్వము కొన్న చోటనే ఇట్టి ప్రశ్న వచ్చినపుడు, మనము కొను చోట రాకుండునా? స్థలమునకు ఆవ, చెఱువు, కుంట, కోడు, పల్లము, లంక అని వాడుక పేరు ఉన్నదా అని విచారింపుడు. లేఅవుటు వేసినవాడు దానికి ఏదో ఒక నగరు అని గాని, ఏదో ఒక ఎన్‌క్లేవు అని గాని క్రొత్త పేరు పెట్టును. ఊరి పశువులకాపరి పాత పేరు చెప్పును. ఆ పాత పేరులో నీటి చరిత్ర ఉన్నది.

మీరు గ్రామ పెద్దలు. ఈ పనిలో మీకు ఉన్న నేర్పు నగరపు వకీలునకు గాని, ఇంజనీరునకు గాని లేదు. నేల రంగు చూచి, గడ్డి చూచి, గట్టున మొలచిన మొక్క చూచి అచ్చట నీరు నిలుచునో లేదో చెప్పగలవారు మీరు. తుంగ మొలచిన స్థలమునకు మట్టి తోలి మెఱక చేసి అమ్ముచున్నపుడు కుమారునకు కనబడదు, మీకు కనబడును. కావున కొనుగోలు సంగతి కుమారునకు వదలి, సొమ్ము మాత్రము ఇచ్చెద ననుట సరికాదు. పోయి చూడుడు. ఫాల్గుణ మాసమున కాదు. ప్రతి స్థలమును ఫాల్గుణములో అందముగానే ఉండును.

కాగితముల సంగతి విసుగు పుట్టించునది గాని, అచ్చట పోయినంత సొమ్ము వరదలోను పోదు. అమ్మువాని దస్తావేజు ఒక్కటి చూచి తృప్తి పడరాదు. అతనికి ఎవరు అమ్మిరి, వారికి ఎట్లు వచ్చినది అని వెనుకకు ముప్పది సంవత్సరములకు తగ్గకుండ గొలుసు పట్టుకొని పోవలెను. గొలుసులో ఒక కడియము లేకపోయినచో అచ్చటనే ఒక అన్నగాని, ఒక ఆడపడుచుగాని, ఒక వీలునామాగాని దాగియుండును. సబ్ రిజిస్ట్రారు కచేరీలో ఇచ్చు ఇ.సి. అవసరమే గాని, అది సర్వజ్ఞురాలు కాదు. నోటి పంపకములు, రిజిస్టరు కాని వీలునామాలు, కోర్టులో నడుచుచున్న దావాలు అందు కనబడవు. ఇంటికి పోయి అమ్మువాని అక్కచెల్లెండ్రు ఎందఱని మాటల సందున అడుగుట ఏ పత్రమును ఇయ్యలేని సమాచారము ఇచ్చును.

రిజిస్ట్రేషను చట్టపు 22-ఎ జాబితా యని ఒకటి ఉన్నది. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు మొదలగు అమ్మరానివాని సర్వే నంబరులు అందు చేర్చుదురు. మన గోదావరి సీమలో గుడి మాన్యములు, సత్రము మాన్యములు ఎన్ని ఉన్నవో మీకు తెలియును. ఆ మాన్యములను తరతరములుగా సాగు చేసినవారు వానిని తమవే యనుకొని అమ్మిన సందర్భములు లేకపోలేదు. ప్రభుత్వము పేదలకు పట్టా ఇచ్చిన అసైన్డు భూములపై 1977 నాటి చట్టము ఉన్నది. 2023లో కొంత సడలింపు ఇచ్చిరి. 2024లో విచారణ పేరిట రిజిస్ట్రేషన్లు నిలిపిరి. ప్రభుత్వములు మారినపుడెల్ల త్రాసు ఊగుచుండు నేలను, బ్రతుకంత సొమ్ము పెట్టి కొనరాదు. నది పోరంబోకు, లంక భూమి, కాలువ గట్టు భూమి యనునవి సరేసరి.

లేఅవుటు విషయమున “పంచాయతీ అప్రూవలు ఉన్నదండి” అని దళారి చెప్పును. పంచాయతీ తీర్మానము ఒక్కటి చాలదు. పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి నంబరు కావలెను. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటును 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు చేయింపవలెను. నంబరు చెప్పుట కాదు, దానిని సంస్థ లెక్కలో చూచుకొనవలెను. కాగితములో చూపిన పార్కు స్థలము నేలమీద ఉన్నదా? ముప్పది అడుగుల వీథి యని వ్రాసినచో తాడు పట్టి కొలువుడు. ఎకరమునకు 100 సెంట్లు. సెంటుకు 48 గజములకు కొంచెము పైగా. 5 సెంట్లనగా 242 గజములు. సెంట్లలో మాటాడి, గజములలో వ్రాసి, వీథిలో పోయినదానిని కూడ కొనువాని లెక్కలో కట్టు నేర్పరులు గలరు. అసలు దస్తావేజు చూపుమన్నపుడు అది బ్యాంకులో ఉన్నదన్నచో, ఏ బ్యాంకు, ఎందుకు అని అడుగుటకు మొగమోటము వలదు. అప్పు అవసరము లేకపోయినను, ఆ స్థలముపై అప్పు ఇత్తురా యని ఒక బ్యాంకులో విచారించుట మంచి పరీక్ష. బ్యాంకు వకీలు కాదన్న కాగితమును మనము ఔననుట ఎందులకు?

ఇక సొమ్మిచ్చువారి సంగతి.

రెండెకరములు అమ్మిన సొమ్ముతో కొన్న యిల్లు ఎవరి పేర ఉండవలెను? పిల్లవాని పేర వ్రాయింతుము, రేపు వానిదే గదా యని మనవారు అందురు. మొదట, ఆ రెండెకరములు మీ ఒక్కరివేనా? పిత్రార్జితమైనచో ఆడపిల్లలకు భాగము ఉన్నది. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండి, ఆనాటికి పెండ్లి కాని కుమార్తెలకు ఆ హక్కు వచ్చెను. 2005లో దేశమంతట కుమార్తెలందఱకును వచ్చెను. 2005 నాటికి తండ్రి జీవించి లేకపోయినను ఆ హక్కు పోదని 2020లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పసుపు కుంకుమ క్రింద ఇచ్చితిమి గదా యను మాట కోర్టులో నిలువదు. అమ్మాయిలను పిలిచి కూర్చుండబెట్టి చెప్పి, వారి భాగము వారికి ఇచ్చిగాని, వారు మనఃపూర్వకముగా వదలుకొన్న దస్తావేజు వ్రాయించుకొని గాని అమ్ముట మేలు. చట్టము కొఱకు మాత్రమే గాదు. తమ్ముని క్రొత్త యింటి గృహప్రవేశమునకు అక్క కన్నులు తుడుచుకొనుచు వచ్చుట ఏ యింటికిని శుభము కాదు.

రెండవది. సొమ్మంతయు ఇంటిలో పోసి, పేరు కుమారునకు వ్రాసి, మీరు చేతులు దులుపుకొని ఆ యింటిలో ఒక గదిలో చేరుట. చాలమంది కుమారులు మంచివారే. ఐనను ఉద్యోగములు నిలకడ లేనివి. బదిలీలు, అప్పులు, వ్యాపారములు వచ్చును. కుమారుడు మంచివాడే యైనను ఇల్లు తాకట్టు పడవచ్చును. కావున ఇంటిలో మీ పేరును, మీ భార్య పేరును భాగముగా ఉంచుడు. లేదా దానముగా వ్రాసినచో, జీవితాంతము పోషణ చేయవలెనను షరతును దస్తావేజులో స్పష్టముగా వ్రాయింపుడు. తల్లిదండ్రుల పోషణ చట్టము 2007 నాటిది. అట్టి షరతుతో ఇచ్చిన ఆస్తిని, పోషణ మానినపుడు రద్దు చేయు అధికారము ఆ చట్టపు ట్రిబ్యునలునకు ఉన్నది. షరతు వ్రాయనిచో కష్టము. కుమారుడు నొచ్చుకొనునేమో యని సందేహింపకుడు. తన సొమ్ముతో ఇల్లు కొనువాడు బ్యాంకువాడు పెట్టిన నలువది షరతులకు కన్నుమూసి సంతకము చేయును. తండ్రి షరతు ఒక్కటి అతనికి భారము కానక్కఱలేదు.

రెండెకరములలో ఒక్క ఎకరమైనను ఉంచుకొనుడని చెప్పువారిలో నేనొకడను. ఇల్లు ఒక గది చిన్నది యగునుగాక. ఏడాదికి కొన్ని బస్తాల ధాన్యమో, కౌలో చేతికి వచ్చు పెద్దవాని మాటకు ఇంటిలో ఉండు విలువ వేఱు. మఱియు పొలము ఉన్నంతకాలము ఊరికి పోవుటకు ఒక కారణము ఉండును. నలువది ఏండ్లు పదిమంది తగవులు తీర్చినవాడు నగరపు అంచున, పేరు తెలియని వీథిలో, ఉదయము అందఱును పనులకు పోయిన పిమ్మట తాళము చెవి చేతబట్టుకొని కూర్చుండుట మాటలలో చెప్పరాని బాధ. అది వరద వలె కనబడదు. హెచ్చరిక యిచ్చు కచేరీయు దానికి లేదు. అందువలన ఊరిని ఎన్నునపుడు కుమారుని ఉద్యోగము, మనుమల బడి చూచినట్లే, ఈ వీథిలో పగటివేళ నాతో మాటాడువారు ఎవరున్నారు, గుడికి నడిచి పోవచ్చునా, మందుల దుకాణము ఎంత దూరము, నాకు మెట్లెక్కకుండ నేల గది యున్నదా అని నిర్మొహమాటముగా అడుగవలెను. మీ భార్య మాట మీ మాటకు ముందు అడుగుడు. మీరు అరుగు వెదకికొని పోగలరు. ఆమె పగలంతయు ఆ నాలుగు గోడలలోనే ఉండవలసినది.

కొనక ముందు ఆ యూరిలో రెండు నెలలు చిన్న యిల్లు అద్దెకు తీసికొని పెద్దలు నివసించి చూచుట ఉత్తమమైన పరీక్ష. అద్దె వృథా యని కుమారుడు అనును. రిజిస్ట్రేషను ఖర్చులో అది ఎన్నవ వంతో అతనిని లెక్క కట్టుమనుడు.

నన్ను పేరుపెట్టి చెప్పుమన్నచో నా తీర్పు ఇది. మెట్ట తాలూకాల పొలము గలవారికిని, పిల్లల చదువు ముఖ్యమైనవారికిని రాజానగరపు దిక్కు, నీరు చూచుకొని. పడమటి గట్టు రైతులకు కొవ్వూరు, రైలు వేళలు చూచుకొని. కోనసీమ నుండియు, తూర్పు డెల్టా నుండియు వచ్చువారికి ధవళేశ్వరపు మెఱక వీథులు, 1986 నాటి నీటి గుర్తు చూచుకొని. కడియము రెండవది, పునాదికి సొమ్ము ఎక్కువ పెట్టగలిగినచో. కేవలము ధర పెరుగునని కొనువారికి నేను చెప్పవలసినది ఏదియు లేదు. వారికి కావలసినది ఇల్లు కాదు. 2015 పుష్కరముల వేళ ఘాట్లకును రోడ్లకును పనులు జరిగెను. 2027 పుష్కరముల పేరు చెప్పి స్థలము వెల పెంచువారు ఉందురు. పుష్కరములు పండ్రెండు దినములు. తక్కిన పండ్రెండు సంవత్సరములు ఆ వీథిలో కుళాయి, దీపము, మురుగు కాలువ ఎట్లున్నవో అవియే ధర నిర్ణయింపవలెను.

కడపట ఒక వ్యవహారపు మాట. ఇంటి కాగితములు వకీలు చూచి సరియని చెప్పువఱకు పొలము అమ్మకపు అగ్రిమెంటు వ్రాయకుడు. ముందు పొలము అమ్మి, సొమ్ము సంచిలో పెట్టుకొని ఇల్లు వెదకువానికి తొందర ఎక్కువ. ఆ తొందరను దళారి దూరమునుండియే పసికట్టును. పొలము కొనువానితో మాట అనుకొని యుంచుడు, బయానా పుచ్చుకొనకుడు. ఇంటి బేరము కుదిరిన పిమ్మట రెండు దస్తావేజులకును నడుమ ఒక నెల గడువు ఉండునట్లు చూచుకొనుడు. ఆ నెలలో వాన వెలిసిన మఱునాడు ఒకమాఱు, రాత్రివేళ ఒకమాఱు, చెప్పకుండ ఆ స్థలమునకు పోయి రండు.